తడినేల గడ్డి

బస్సు డ్రైవరు మొదటిసారి గడ్డి తెచ్చిన సాయంత్రం ఆయన ఇంట్లో సందడే సందడి. భోజనం డబ్బా పెట్టుకునే సంచిలోంచి తడిగుడ్డలో చుట్టిన చిన్న కట్ట తీసి, "ఇదిగో, మీ దొరగారికి విందు" అంటూ కూతురి చేతిలో పెట్టాడు. పన్నెండేళ్ళ ఆ పిల్ల గెంతుకుంటూ బాల్కనీలోకి పరిగెత్తింది.

బాల్కనీలో పంజరం, పంజరంలో రెండు బడ్జీ పిట్టలు. నీలంరంగుది ఎప్పుడు చూసినా రొమ్ము విరుచుకుని కూర్చుంటుంది, గింజల గిన్నె తన ముందుకొచ్చి ఆగేదాకా కదలదు. అందుకని అది దొరగారు. ఆకుపచ్చది తెల్లారిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా నోరు మూయదు. అది బాతాఖానీ. అమ్మినవాడు వాటిని లవ్‌బర్డ్స్ అని చెప్పి అంటగట్టాడు గానీ, వాటి మధ్య ప్రేమ ఏపాటిదో గిన్నె దగ్గర పొడుచుకునేటప్పుడు చూడాలి.

లేత కంకులు వేసిన పచ్చిగడ్డి అంటే ఈ పిట్టలకి ప్రాణమని పాప ఎక్కడో చదివింది. అప్పట్నుంచి నెలరోజులుగా ఒకటే పోరు. కానీ వాళ్ళుండేది మూడో అంతస్తు, చుట్టూ చూపు ఆనినంత మేరా సిమెంటు. తల్లి పనిచేసే చోట మొలకలకి కొదవలేదు గానీ, అవన్నీ బూజు పట్టకుండా మందు పట్టించిన గింజల మొలకలు. ఒక్కటి కూడా ఇంటికి తేవడానికి వీల్లేదు.

అందుకే ఆ రోజు ముగ్గురూ పంజరం ముందు నిలబడి కళ్ళప్పగించి చూశారు. దొరగారు దర్జా అంతా మరిచిపోయి తలకిందులుగా వేలాడాడు. కంకిని కాలితో తొక్కిపట్టి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ముక్కుతో దువ్వేశాడు. బాతాఖానీ మూడు నిమిషాలపాటు నోరు మూసుకుంది.

"ఎక్కడ దొరికిందండీ ఇది?" అని అడిగింది పాప తల్లి, నవ్వుతూనే.

"ఆఖరి స్టాపు దగ్గర. బస్సు వెనక్కి తిప్పుకునే ముందు పది నిమిషాలు ఖాళీయేగా. రోడ్డు పక్కన కనిపిస్తే నాలుగు పీక్కొచ్చా" అన్నాడు డ్రైవరు.

కింద రాలిన ఒక పరకని ఆమె ఊడవబోతూ తీసి చూసింది. ఆమెకి అది అలవాటు. పదహారేళ్ళుగా విత్తనాల పరీక్షశాలలో పనిచేస్తోంది. గిడ్డంగులనుంచి వచ్చే నమూనా సంచుల్లోంచి గుప్పెడు గింజలు తెల్లబల్లమీద పోసి, పట్టకారుతో ఒక్కొక్కటే జరుపుతూ, అసలు విత్తనమేదో, దాని మధ్య దాక్కున్న కలుపు విత్తనమేదో తేల్చి రాయడం ఆమె ఉద్యోగం. అక్కడ ఆమెని భూతద్దం అంటారు, ఎదురుగానే. ఆమె కూడా ఆ పేరుకి పలుకుతుంది.

చేతిలోని పరక ఊద. సందేహం లేదు. వరికి ఆకు మొదట్లో ఉండే చిన్న పొర దీనికి లేదు, కంకి ఒకవైపుకి వంగి ఉంది. వరి నమూనాల్లో ఆ గింజని ఆమె కొన్ని వేలసార్లు ఏరింది. ఊదకి నీళ్ళు నిలిచే నేల కావాలి, అడుగేస్తే పాదం దిగబడాలి. డ్రైవరు చెప్పిన ఆఖరి స్టాపు కొండ పక్కన, కంకర మిల్లు ఎదురుగా ఉంది. ఆమె ఒకసారి అక్కడ దిగింది. కాళ్ళకి చెప్పులున్నా వేళ్ళ మధ్య తెల్లపిండి పట్టింది. ఈ పరకమీద ధూళి కాదుకదా, దాని జాడ కూడా లేదు.

'ఎక్కడో పైపు కారుతూ ఉండుంటుంది' అనుకుని చెత్తలో పడేసింది.

నాలుగు రోజుల తరవాత మళ్ళీ కట్ట వచ్చింది. ఈసారి ఊదతో పాటు తుంగ కూడా ఉంది. తుంగకాడని వేళ్ళ మధ్య తిప్పితే మూడు పలకలు చేతికి తగులుతాయి. ఆమె చాలాసేపు అలా తిప్పుతూ కూర్చుంది. వేరు దగ్గర నల్లటి బురద అంటుకుని ఉంది. కొండ దగ్గర మట్టి ఎరుపు.

"అదే స్టాపు దగ్గరేనా?"

"ఇంకెక్కడుంటుంది?" అన్నాడు డ్రైవరు, లోపలికి వెళ్తూ. వెళ్తూ వెళ్తూ ద్వారబంధానికి భుజం కొట్టుకున్నాడు.

ఆ నిమిషంనుంచి ఆమె మనసులో పురుగు తొలవడం మొదలుపెట్టింది. ఒకసారి తొలవడం మొదలుపెట్టాక కనిపించేవన్నీ దానికే మేతయ్యాయి. పెళ్ళయిన నాటినుంచీ ఆయన ఒంటిమీద డీజిలూ చెమటా కలిసిన వాసన ఆమెకి అలవాటే. మొదట్లో కడుపులో తిప్పేది, తరవాత అది లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. ఇప్పుడా వాసన లేదు. ఎప్పుడు పోయిందో గుర్తు చేసుకోబోతే గుర్తురాలేదు. ఇప్పుడు ఆయన దగ్గర సబ్బు వాసన. ఇంట్లో వాడే సబ్బు కాదు, ఘాటుగా నిమ్మకాయ వాసన. ప్యాంటు అంచులు తడిగా ఉంటున్నాయి. అరచేతులు చూస్తే, చాలాసేపు నీళ్ళలో నానినట్టు ముడతలు.

పైగా ఈ లోకంలో ఉండటం లేదు. పాప పక్కనే నిలబడి రెండుసార్లు పిలిస్తేగానీ తల తిప్పడు. పక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు చేయి తగిలి పడిపోతుంది. ఆమె దగ్గరికొచ్చి ఏదైనా అంటే ఉలిక్కిపడతాడు. అదివరకు అద్దంలో వెనకాల ముప్పైమందిని కనిపెట్టుకుంటూ బస్సు నడిపే మనిషి. మనసు ఎక్కడో పెట్టి, ఒళ్ళు మాత్రం ఇంటికి మోసుకొస్తున్నట్టుంది.

పరీక్షశాలలో నమూనా డబ్బాల గది చూసుకునే పెద్దావిడని అందరూ డబ్బాలక్క అంటారు. ఆవిడ దగ్గర ఏదీ దాగదు. మధ్యాహ్నం టీ తాగేటప్పుడు ఆమె మాటవరసకి అన్నట్టే చెప్పింది.

"మీ ఆయన గడ్డి తెస్తున్నాడా?" డబ్బాలక్క గ్లాసు దించింది. "పూలు కాదు, గడ్డి?"

"పిట్టలకి అక్కా."

"పిట్టలకే అనుకో. మరి పూలు ఎవరికి పట్టుకెళ్తున్నాడో అది కనుక్కో."

ఆమె నవ్వింది. తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని పట్టకారు చేతిలోకి తీసుకుంది గానీ, ఆ పూట ఒకే నమూనాని మూడుసార్లు మొదట్నుంచి ఏరాల్సి వచ్చింది. తడినేల, సబ్బు వాసన, నీళ్ళలో నానిన చేతులు. ఎక్కడో ఒక పెరడు ఉండాలి. పెరట్లో నీళ్ళ కుళాయి, కుళాయి కింద ఎప్పుడూ తడి. అక్కడ స్నానం చేసి తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చే చేయి ఒకటి. అంత స్పష్టంగా కనిపించింది ఆమెకి ఆ పెరడు, దండెంమీద ఆరేసిన బట్టలతో సహా.

మర్నాడు సగంపూట సెలవు పెట్టి, ఆయన నడిపే పద్నాలుగో నంబరు బస్సెక్కింది. స్టీరింగు ముందు ఎవరో కోరమీసాల కుర్రవాడు ఉన్నాడు. టిక్కెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరమ్మని అడిగింది, గొంతు మామూలుగా పెట్టుకుని.

"ఈ బస్సుకి ఇదివరకు వేరే డ్రైవరు ఉండేవారు కదా? పొడుగ్గా, చెంపలు నెరిసి..."

"ఆయనా? ఆయన ఈ రూటు వదిలి నెల దాటిందమ్మా."

"ఏ రూటుకి వెళ్ళారు?"

"ఏమో, బయట కనిపించట్లేదు మరి. డిపోలో అడిగితే చెప్తారు. మీరేమవుతారు?"

"తెలిసినవాళ్ళం" అంది ఆమె.

చివరిదాకా వెళ్ళింది. ఆఖరి స్టాపులో దిగి ఆ కొస నుంచి ఈ కొసకి నడిచింది. కంకర గుట్టలు, ఎండి గోధుమరంగుకి తిరిగిన ముళ్ళపొదలు, వాటిమీద తెల్లటి పిండి. పిట్ట నోటికి అందించదగ్గ పచ్చి పరక ఒక్కటంటే ఒక్కటి లేదు. అదే బస్సులో వెనక్కి వచ్చేసింది. డిపోకి వెళ్ళి అడగవచ్చు. కానీ గేటు దగ్గర నిలబడి మొగుడి గురించి వాకబు చేసే భార్యని అక్కడివాళ్ళు ఏమనుకుంటారో ఆమెకి తెలుసు. దానికంటే వాళ్ళు చెప్పబోయే జవాబంటేనే ఎక్కువ భయం వేసింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అడిగింది, "ఇవాళ బస్సు ఖాళీగా ఉందా, రద్దీనా?"

"రద్దీనా! కాలు పెట్టే సందు లేదనుకో" అన్నాడు డ్రైవరు. "ఒక ముసలాయన గోడగడియారం చంకలో పెట్టుకుని ఎక్కాడు. బాగుచేయించి తీసుకెళ్తున్నాడంట. అది ఉన్నట్టుండి గంటలు కొట్టడం మొదలుపెట్టింది. పదమూడు కొట్టింది. ఎవరో వెనకనుంచి 'తాతా, ఇంకా బాగవలేదు, దిగి వెనక్కి పో' అన్నారు. బస్సంతా నవ్వులే."

పాప పొలమారేంతగా నవ్వింది. ఆమె నవ్వలేదు. మామూలు అబద్ధమైతే సరిపెట్టుకునేదేమో. అందులో గడియారం ఉంది, అది కొట్టిన గంటల లెక్క ఉంది, వెనక సీట్లో మనిషి ఉన్నాడు. ఇంత శ్రద్ధగా అల్లుకొస్తున్నాడంటే దాని వెనక దాచాల్సింది ఎంత పెద్దదై ఉండాలి?

అప్పట్నుంచి ఆమె నిలదీయడం మానేసి పోగుచేయడం మొదలుపెట్టింది. కట్ట వచ్చిన ప్రతిసారీ అందులోంచి రెండు పరకలు తీసి, పరీక్షశాలలో చేసినట్టే కాగితం పొట్లంలో మడిచి, పైన తేదీ రాసి, బీరువాలో చీరల కింద పెట్టింది. మిగిలింది పాపకిచ్చింది. పాప పంజరంలో పెట్టింది. వారానికి రెండు కట్టలు వచ్చేవి, తరవాత మూడయ్యాయి. ఏదో ఒక రోజు ఆ పొట్లాలన్నీ ఆయన ముందు పరిచి, 'ఇప్పుడు చెప్పండి, ఎవరి పెరడు ఇది?' అని అడగాలి. ఆ మాటని మనసులో ఎన్నిసార్లు అనుకుందంటే, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా ఖాయమైపోయింది.

ఆ అవసరం రాలేదు. ఒక సెలవురోజు మధ్యాహ్నం పాప బాల్కనీలోంచి కేకేసింది.

"అమ్మా, దొరగారు కింద కూర్చున్నాడు!"

కొమ్మమీద కూర్చోవాల్సిన పిట్ట పంజరం అడుగున, మూలకి ఒదిగి ఉంది. ఈకలన్నీ ఉబ్బి బంతిలా అయింది. ఊపిరి తీసిన ప్రతిసారీ తోక కిందికీ పైకీ కదులుతోంది. ముక్కు చుట్టూ తడి, తలమీది ఈకలకి జిగురులా ఏదో అంటుకుని ఉంది. గిన్నె దగ్గరికి తెచ్చినా చూడలేదు. బాతాఖానీ పైన కొమ్మమీద బిగుసుకుపోయి కిందికి చూస్తోంది. అది కూడా అరవడం లేదు.

పాప చెప్పుల పెట్టెకి చిల్లులు పొడిచింది. డ్రైవరు పాత బనీను పరిచి పిట్టని అందులో పడుకోబెట్టాడు. బయలుదేరబోతూ ఏదో తోచి బీరువా తెరిచి పొట్లాలన్నీ తీసి చేతిసంచిలో వేసుకుంది.

పిట్టల డాక్టరు నడివయసు మనిషి. ఆవిడ గదిలో ఉత్తరాలు తూచేలాంటి చిన్న తూకం ఉంది. దానిమీద గుడ్డ వేసి దొరగారిని కూర్చోబెడితే ముప్పై గ్రాములు కూడా తూగలేదు. డాక్టరు రొమ్ము ఎముక తడిమింది, నోరు తెరిచి చూసింది, రెట్ట చూసింది.

"ఏం పెడుతున్నారు?"

"కొర్రలు, సామలు. నేనే జల్లించి, చెత్త ఏరి పోస్తాను" అంది ఆమె. "పచ్చిగడ్డి కూడా."

"గడ్డి మంచిదే. వీటికి అంతకంటే ఇష్టమైంది లేదు. ఎక్కడి గడ్డన్నదే ముఖ్యం. తెచ్చారా?"

ఆమె చేతిసంచి తెరిచి పొట్లాలు ఒక్కొక్కటే బల్లమీద పెట్టింది. ఎనిమిది. ప్రతి దానిమీదా ఆమె చేతిరాతలో తేదీ. డాక్టరు కొంచెం ఆశ్చర్యంగా చూసింది. డ్రైవరు వాటిమీదికి వంగాడు. మొదటి తేదీ చదివాడు, చివరి తేదీ చదివాడు, తరవాత భార్య ముఖంలోకి చూశాడు.

డాక్టరు ఆఖరి పొట్లం విప్పి, తుంగ మొదలుని తెల్లటి తడికాగితంలో పెట్టి గట్టిగా నలిపింది. కాగితం మీద బూడిదరంగు మరక తేలింది. దీపం కింద అటూ ఇటూ వంచితే మరక అంచుల్లో రంగులు మెరిశాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నూనె. దాంతో పాటు ఇంకేదో ఉంది. ఎక్కడ కోశారు ఇది?"

"ఆఖరి స్టాపు దగ్గర" అన్నాడు డ్రైవరు.

"అక్కడ కలుపుమందు కొడతారా? ఫ్యాక్టరీ నీళ్ళేమైనా వస్తాయా? చూడండి, ఇది మందు వల్లయితే నేను చేయాల్సింది ఒకటి, నూనె, సబ్బులాంటిదైతే చేయాల్సింది ఇంకోటి. ఊహించుకుని వైద్యం చేస్తే ఇంత చిన్న ప్రాణం తట్టుకోదు. సరిగ్గా చెప్పాలి."

ఆయన చెప్పింది అబద్ధమని ఆమెకి తెలుసు. నోరు తెరిచి ఆ మాట అనేయాలి. కానీ ఆమె పెదవి కదలలేదు. ఇన్నాళ్ళూ కాచుకుని కూర్చున్న ఘడియ ఇదే కదా అని, పరీక్షశాలలో బల్లమీది గింజకేసి వంగి చూసినట్టే ఆయన్ని చూస్తూ ఉండిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చూపు తిప్పుకోలేదు.

"నాన్నా, చెప్పు" అంది పాప. పెట్టె అంచుని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

డ్రైవరు గోడమీది పటం వైపు తిరిగాడు.

"డిపోలో కోశాను. బస్సులు కడిగే షెడ్డు వెనకాల కాలువ ఉంది. కడిగిన నీళ్ళన్నీ అందులోకే పోతాయి. డీజిలు, గ్రీజు, కడిగే సబ్బు, అన్నీ. దాని గట్టుమీది గడ్డి అది. నేను పైపు కింద పెట్టి బాగా కడిగే తెచ్చానండీ. పైన ఏమీ కనిపించలేదు."

"పైన కడిగితే పోదు. వేరునుంచే పీల్చుకుంటుంది" అంది డాక్టరు. అప్పటికే ఆవిడ అలమరలోంచి సీసా తీస్తోంది. "మందు కొట్టలేదు కదా? ఖాయమేనా?"

"ఖాయం. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను అక్కడే ఉంటాను."

సన్నటి గొట్టంతో దొరగారి నోట్లోకి నాలుగు చుక్కలు పోశారు. వెచ్చగా ఉండే గాజుపెట్టెలో పెట్టారు. రెండో పిట్టకి గడ్డి పూర్తిగా ఆపేసి, రోజుకి మూడుసార్లు నీళ్ళు మార్చమన్నారు. ఇవాళ్టికి దీన్ని ఇక్కడే వదిలి వెళ్ళమని, రేపు చెప్తామని అన్నారు. పాప గాజుపెట్టె దగ్గరనుంచి కదలనంటే డాక్టరు ఒక ముక్కాలిపీట వేయించింది.

మొగుడూ పెళ్ళాలిద్దరూ బయట వరండాలో బల్లమీద కూర్చున్నారు. ఎదురుగా ఎవరిదో కుక్క మెడకి పట్టీతో పడుకుని వీళ్ళనే చూస్తోంది.

"కడిగే షెడ్డులోనా?" అంది ఆమె.

"రెండు నెలల పైనే అయింది." ఆయన చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని, వాటినే చూస్తూ చెప్పాడు. "ఏటేటా ఒళ్ళు పరీక్ష చేస్తారు కదా. ఈసారి కళ్ళ దగ్గర ఆగింది. ఎదురుగా ఉన్నవన్నీ చదివేశాను, ఆఖరి వరసతో సహా. పక్కలు కనిపించట్లేదన్నారు. నాకూ అనుమానంగానే ఉండేది. అద్దంలోకి చూస్తే సగం అద్దమే ఉన్నట్టుండేది. ఒకసారి స్తంభానికి బస్సు రాసుకుపోయింది కూడా. కళ్ళాసుపత్రికి వెళ్ళి కాగితం తెచ్చేదాకా బండెక్కవద్దన్నారు. పైపు ఇచ్చి షెడ్డులో పెట్టారు."

"ఆసుపత్రికి వెళ్ళారా?"

"లేదు."

"రెండు నెలలనుంచీ?"

"వెళ్తే అయిపోయిందని చెప్పేస్తారేమోనని. చెప్పనంతవరకు ఇంకా డ్రైవరునే కదా."

కుక్క లేచి ఒళ్ళు విరుచుకుని మళ్ళీ పడుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కాస్త నవ్వబోయాడు. "నీ చూపు నాకు తెలియదా? పనికొచ్చేది ఒకవైపు, పనికిరానిది ఒకవైపు ఏరేస్తావు. నన్ను ఏ వైపుకి నెడతావోనని భయం వేసింది."

ఆ మాట ఆమెకి ఎక్కడో లోపల తగిలింది. కోపం తెచ్చుకుందామనుకుంటే రాలేదు.

"మరి ఈ గడ్డెందుకు తెచ్చారు? అది తేకపోతే నాకు ఇప్పటికీ తెలిసేది కాదు."

"రోజంతా ఆ షెడ్డులో నల్లనీళ్ళ మధ్య నిలబడితే, కంటికి చల్లగా కనిపించేది ఆ గట్టు ఒక్కటే. బండి నడిపి వచ్చినప్పుడు రోజూ ఏదో ఒక కబురు తెచ్చేవాణ్ణి. ఇప్పుడు కబుర్లు కల్పించి చెప్పాల్సొస్తోంది. గడ్డయినా నిజంగా నా చేత్తో కోసింది తెద్దామనిపించింది." ఆయన డాక్టరు గది వైపు చూశాడు. "ఆ పొట్లాలు... నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజునుంచే అనుమానం. అది ఊద. ఊద కొండమీద మొలవదు. తరవాత బస్సెక్కి చూశాను." ఆమె చూపు కుక్కవైపు తిప్పుకుంది. "నేను... ఇంకో ఇల్లు పెట్టారనుకున్నాను."

ఆయన తల పూర్తిగా ఆమె వైపు తిప్పి చూశాడు.

"ఇంకో ఇల్లా? ఉన్న ఇంటి గుమ్మమే సరిగ్గా ఆనక భుజం వాచిపోయేలా కొట్టుకుంటుంటే!"

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. అది నవ్వుగానే మొదలైంది గానీ, ఆమె దాన్ని నవ్వుగా ముగించలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తప్పు మీ ఒక్కరిదే కాదు" అంది. "ఎక్కడిదో తెలియని గడ్డి పిట్ట నోటికి పెట్టకూడదని నాకు తెలుసు. పని దగ్గర్నుంచి మందు గింజ ఒక్కటి కూడా ఇంటికి తీసుకురాను. అయినా పెట్టనిచ్చాను. వద్దంటే మీరు తేవడం మానేస్తారు, ఆధారం పోతుందని. పాపకి చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాలి."

పాపకి ఆ సాయంత్రమే చెప్పారు, ఇద్దరూ ఎదురుగా కూర్చుని. ఆ పిల్ల విని, లేచి బాల్కనీలోకి వెళ్ళి బాతాఖానీకి నీళ్ళు మార్చింది. రెండు రోజులు ఇద్దరితోనూ ముక్తసరిగా మాట్లాడింది. మూడో రోజు డాక్టరు దగ్గర్నుంచి ఫోను వచ్చింది, దొరగారు గిన్నె దగ్గరికి తనంతట తానే నడిచాడని, నడిచి గిన్నెలో ఎక్కి కూర్చున్నాడని. అప్పుడు తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. వారానికి పిట్ట ఇంటికొచ్చింది. తోక ఈకలు కొన్ని రాలిపోయాయి. ఎగరడంలో ఇదివరకటి ఊపు లేదు, పై కొమ్మ ఎక్కడానికి ముక్కుతో కడ్డీలు పట్టుకుని పాకుతుంది. దర్జా మాత్రం తగ్గలేదు.

కళ్ళాసుపత్రికి వెళ్ళడానికి డ్రైవరు ఇంకో రెండు వాయిదాలు వేశాడు. ఒకసారి షెడ్డులో మనుషులు తక్కువన్నాడు. ఇంకోసారి తలనొప్పన్నాడు. "నిజంగా తలనొప్పేనా?" అని ఆమె అడిగితే, ఒక్క క్షణం తటపటాయించి "కాదు" అన్నాడు. మర్నాడే ఇద్దరూ బయలుదేరారు.

అక్కడ ఒక చీకటిగదిలో తెల్లటి గిన్నెలాంటి యంత్రం ఉంది. దానికి గడ్డం ఆనించి, మధ్యలోని చుక్కనే చూస్తూ, చుట్టూ ఎక్కడైనా వెలుగు మెరిస్తే చేతిలోని మీట నొక్కాలి. ఆమె తెర ఇవతల కుర్చీలో కూర్చుంది. యంత్రం ప్రతి వెలుగుకీ ముందు సన్నగా 'గిర్రు'మంటోంది. ఆ వెంటనే మీట 'టిక్కు'మంటోంది. గిర్రు, టిక్కు. గిర్రు, టిక్కు. తరవాత గిర్రుమంది, టిక్కు లేదు. మళ్ళీ గిర్రుమంది. లేదు. మళ్ళీ. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. లేచి తెర తీసి, అదిగో అక్కడ, మీ ఎడంపక్కన, అని చూపించాలనిపించింది. గది అంత నిశ్శబ్దంగా ఉంటే యంత్రం మాత్రం తనపాటికి తాను వెలుగులు వేసుకుంటూ పోతోంది.

కళ్ళలో ఒత్తిడి పెరిగి చూపు అంచులనుంచి తినేస్తూ వచ్చిందని డాక్టరు చెప్పాడు. పోయింది తిరిగి రాదు. ఉన్నది పోకుండా మందుచుక్కలు కాపాడతాయి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, బతికినన్నాళ్ళూ. రెండు నెలల ముందు వస్తే ఇంకొంచెం మిగిలేదా అని డ్రైవరు అడిగాడు. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంటూ, కొంచెం మిగిలేదేమో అన్నాడు. బండి మాత్రం ఇక నడపకూడదన్నాడు. ఆ మాటకి డ్రైవరు తల ఊపాడు, తెలిసిన స్టాపు పేరు విన్నవాడిలా.

డిపోలో కాగితం ఇస్తే ఏం పని ఇస్తారో, ఎవర్ని కలవాలో మాట్లాడుకుంటూ ఇద్దరూ మెట్లు దిగారు. కొత్త డ్రైవర్లకి రూట్లు నేర్పే చోట ఒక మనిషి కావాలని ఎవరో అన్నారట. అడిగి చూస్తానన్నాడు. ఆఖరి మెట్టు దగ్గర ఆగి, మెట్ల పక్క కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు తెర పక్కనే కూర్చున్నావు కదా. మెషీను చప్పుడు వినిపించే ఉంటుంది. ఎన్ని తప్పాను?"

"నేను లెక్కపెట్టలేదండీ" అంది ఆమె.

ఆయన ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. ఆమె మాట నమ్మాడో లేదో ఆమెకి తెలియలేదు. చేతిలోని మందుచీటీ ఆమెకిచ్చి, "పద, మందుల షాపు మూసేస్తాడు" అన్నాడు.